ఒకటి తిప్పితే రెండు కదిలే యంత్రాల కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమై ఒక వ్యాసం పంపవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, స్వాతంత్ర్య సమరం గూర్చి రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. వారి జోలికి నేను పోను. నేను 1974 నుంచి 2008 వరకు బాయిలర్ల తనిఖీ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. 1923 నాటి భారత బాయిలర్ల చట్టం కింద వచ్చే దరఖాస్తులు, చలాన్లు, సర్టిఫికెట్లు, రిజిస్టర్లే నా లోకం. అయితే ఇన్‌స్పెక్టరు గారి వెంట క్యాంపు క్లర్కుగా చక్కెర ఫ్యాక్టరీలకు, కాగితం మిల్లులకు వెళ్ళేవాణ్ణి. చల్లారిన బాయిలర్ లోపలికి దూరి ఆయన కొలతలు చెబుతుంటే నేను బయట స్టూలు మీద కూర్చుని రాసుకునేవాణ్ణి. మధ్యలో ఖాళీ దొరికితే పక్కన నడుస్తున్న యంత్రాల దగ్గరకు పోయి ఆపరేటర్ల వెనక నిలబడేవాణ్ణి. వారు ఒక వాల్వు తిప్పితే రెండు మీటర్లలో ముళ్ళు కదిలేవి. వారికది అలవాటైపోయింది, నాకు కాలేదు. అప్పుడు వారిని అడిగి తెలుసుకున్నవీ, పదవీ విరమణ తర్వాత తీరుబాటుగా చదువుకున్నవీ కలిపి ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఇంగ్లీషు వారు దీన్ని 'డీకప్లింగ్' అన్నారు. జంట విడదీయడం అని మనం చెప్పుకోవచ్చు. పేరు పెద్దదే గాని విషయం మన స్నానాల గదిలోనే ఉంది.

గీజరు నుంచి వచ్చే నీళ్ళు 60 డిగ్రీలు, ట్యాంకు నీళ్ళు 20 డిగ్రీలు అనుకుందాం. మనకు కావలసింది 40 డిగ్రీల గోరువెచ్చని నీరు, నిమిషానికి 10 లీటర్లు. వేడి కుళాయి నుంచి 5 లీటర్లు, చల్ల కుళాయి నుంచి 5 లీటర్లు వదిలితే లెక్క సరిపోతుంది. బకెట్టు త్వరగా నిండాలని వేడి కుళాయి ఒక్కటే 6 లీటర్లకు తిప్పామనుకోండి. నీళ్ళు 11 లీటర్లయ్యాయి, బాగానే ఉంది. కాని వేడి 41.8 డిగ్రీలకు పోయింది. మనం అడిగింది ఒకటి, జరిగింది రెండు. చల్ల కుళాయి కూడా 6 లీటర్లకు తిప్పితేనే మళ్ళీ 40 డిగ్రీలకు వస్తుంది.

ఇంట్లో అయితే రెండు కుళాయిలూ ఒకే మనిషి చేతిలో ఉంటాయి గనుక గొడవ లేదు. ఒక్కో కుళాయి దగ్గర ఒక్కో మనిషిని పెట్టండి. వేడి కుళాయి దగ్గరివాడు థర్మామీటరు మాత్రమే చూడాలి, చల్ల కుళాయి దగ్గరివాడు నీళ్ళ పరిమాణం మాత్రమే చూడాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకోరాదు. నీళ్ళు కాస్త చల్లబడగానే మొదటివాడు వేడి పెంచుతాడు. నీళ్ళు ఎక్కువయ్యాయని రెండోవాడు చల్లనీళ్ళు తగ్గిస్తాడు. దాంతో అనుకున్నదానికన్నా వేడెక్కిపోతుంది. మొదటివాడు కంగారుపడి వేడి తగ్గిస్తాడు. నీళ్ళు తగ్గాయని రెండోవాడు చల్లనీళ్ళు పెంచుతాడు. ఇద్దరూ నిజాయితీగా తమ తమ డ్యూటీలే చేస్తున్నారు, స్నానం చేసేవాడి ఒళ్ళు మాత్రం ఒకసారి కాలుతుంది, ఒకసారి వణుకుతుంది. పరిశ్రమల్లో ఆటోమేటిక్ కంట్రోలర్లు వచ్చిన తొలి రోజుల్లో జరిగింది అక్షరాలా ఇదే. ఒక్కో కంట్రోలరుకు ఒక్కో మీటరు, ఒక్కో వాల్వు. పక్కవాడి సంగతి దానికి తెలియదు.

ఇప్పుడు కొత్త ఇళ్ళలో ఒంటి పిడి కుళాయిలు వస్తున్నాయి, చూసే ఉంటారు. పిడి పైకెత్తితే నీళ్ళు ఎక్కువవుతాయి, పక్కకు తిప్పితే వేడి మారుతుంది. ఒక కదలికకు ఒకే ఫలితం. లోపల వేడినీళ్ళ దారి, చల్లనీళ్ళ దారి రెండూ కలిసే తెరుచుకుంటాయి, కాని ఆ లెక్క పిడిలోనే ఇమిడి ఉంది. అమెరికాలో ఆల్ఫ్రెడ్ మోయెన్ అనే ఆయన 1937లో విద్యార్థిగా ఉండగా రెండు కుళాయిల దగ్గర చెయ్యి కాల్చుకుని ఈ ఆలోచన చేశాడు. 1947లో అది అమ్మకానికి వచ్చింది. జంట విడదీయడానికి ఇంతకన్నా సులువైన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆఫీసు భాషలో చెప్పమంటే ఇంకా సులువు. ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో ఒకరికి ఇంక్రిమెంటు మంజూరవుతుంది. ఆ సంగతి బిల్లుల సీటుకు తెలియకపోతే నెలాఖరున జీతం బిల్లు ట్రెజరీ నుంచి అభ్యంతరంతో వెనక్కి వస్తుంది, అప్పుడు దిద్దుకుంటారు. అలా కాకుండా ఉత్తర్వు అడుగున 'ప్రతి: బిల్లుల సెక్షనుకు' అని ఒక నకలు పంపితే, తప్పు జరగకముందే ఆ గుమాస్తా తన లెక్క సవరించుకుంటాడు. ఇంజనీర్లు డీకప్లర్ అని పిలిచేది ఈ నకలునే. ఒక కంట్రోలరు తన వాల్వు తిప్పుతూనే పక్క కంట్రోలరుకు నకలు పంపుతుంది: నేనింత తిప్పుతున్నాను, నీవు ఇంత సర్దుకో అని. ఎంత సర్దుకోవాలన్నది ముందే లెక్క కట్టి పెట్టాలి. ఆ లెక్క సరిగ్గా ఉన్నంతవరకే నకలు ఉపయోగం. ఈ చివరి మాట పాఠకులు గుర్తుంచుకోగోరుతాను. ముందు ముందు దీనితో పనిపడుతుంది.

ఇక చరిత్రలోకి వస్తాను. జేమ్స్ వాట్ 1788లో తన ఆవిరి ఇంజనుకు తిరుగుడు గుండ్ల గవర్నరు అమర్చిన సంగతి చదువుకున్నదే. వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుని ఆవిరి వాల్వును మూస్తాయి, తగ్గితే ముడుచుకుని తెరుస్తాయి. ఒక కోరిక, ఒక వాల్వు. ఆ గవర్నరు ఎందుకు కొన్నిసార్లు అదుపు తప్పి ఊగిసలాడుతుందో 1868లో మాక్స్‌వెల్ లెక్కలు కట్టి చూపాడు. ఆ తర్వాత చాలా కాలం ఒక కోరిక, ఒక వాల్వు దగ్గరే కథ నడిచింది.

రెండు కోరికల ఇబ్బంది గట్టిగా ఎదురైంది సోవియట్ రష్యాలో. లెనిన్‌గ్రాడ్ వంటి చలి నగరాల్లో కరెంటు ఎంత అవసరమో ఇళ్ళు వెచ్చబెట్టడం అంత అవసరం. 1924లో ఆ నగరంలో ఒక విద్యుత్ కేంద్రం నుంచి వేడిని గొట్టాల ద్వారా ఇళ్ళకు పంపడం మొదలుపెట్టారు. అందుకోసం వాడే టర్బైన్ పనితీరు కొంచెం వివరిస్తాను, ఎందుకంటే మన చక్కెర ఫ్యాక్టరీల్లో పిప్పితో కరెంటు తీసే చోట్ల కూడా ఇటువంటి టర్బైన్లే ఉంటాయి.

బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి మొదటి వాల్వు గుండా టర్బైన్‌లోకి వెళ్ళి కొన్ని చక్రాలను తిప్పుతుంది. అక్కడ కాస్త బలం తగ్గిన ఆవిరిలో కొంత భాగాన్ని మధ్యలోనే బయటికి తీసి వేడి చేయడానికి పంపుతారు. రష్యాలో అది ఇళ్ళకు, మన దగ్గర చెరకు రసం కాచడానికి. మిగిలిన ఆవిరి రెండో వాల్వు దాటి చివరి చక్రాలను తిప్పి కండెన్సరులో నీరవుతుంది. రెండు వాల్వులు, రెండు కోరికలు. టర్బైన్ వేగం మారకూడదు, మధ్యలో తీసే ఆవిరి ప్రెషరు మారకూడదు. కరెంటు వాడకం పెరిగితే వేగం తగ్గుతుంది, గవర్నరు మొదటి వాల్వు తెరుస్తుంది. దాంతో మధ్యలో ఆవిరి ఎక్కువై ప్రెషరు పెరుగుతుంది. ప్రెషరు చూసే రెగ్యులేటరు ఆ ఎక్కువ ఆవిరిని వదిలించుకోవడానికి రెండో వాల్వు తెరుస్తుంది. ఆ ఆవిరి చివరి చక్రాలను తిప్పి వేగం పెంచుతుంది. గవర్నరు మళ్ళీ మొదటి వాల్వు మూస్తుంది. స్నానాల గదిలో ఇద్దరు మనుషుల కథే.

ఇవాన్ నికొలాయెవిచ్ వొజ్నెసెన్‌స్కీ (1887–1946) అనే లెనిన్‌గ్రాడ్ శాస్త్రవేత్త 1930ల్లో దీనికి విరుగుడు చెప్పాడు. ఆయన సూత్రాన్ని అక్కడ స్వతంత్ర నియంత్రణ అన్నారు. ఎవరి పని వారిది, కాని సర్దుబాటు ముందే జరిగిపోవాలి. కరెంటు కావాలంటే రెండు వాల్వులూ కలిసి తెరుచుకోవాలి, అప్పుడు మధ్యలో మిగిలే ఆవిరి మారదు. వేడి కావాలంటే మొదటిది తెరుచుకుంటూ రెండోది మూసుకోవాలి. ఉదాహరణకు టర్బైన్ ముందు భాగంలోనూ వెనక భాగంలోనూ ఒక టన్ను ఆవిరి సమానంగా బలమిస్తుందనుకుందాం. వేడికి గంటకు ఒక టన్ను అదనంగా కావాలంటే మొదటి వాల్వులో అర టన్ను పెంచి, రెండో వాల్వులో అర టన్ను తగ్గించాలి. మధ్యలో ఒక టన్ను మిగిలింది, టర్బైన్ బలం ఇసుమంత మారలేదు. ఇటువంటి టర్బైన్లలో ఈ లెక్కను కంప్యూటర్లు లేని రోజుల్లో ఇనుప కడ్డీలతో, తూనిక మీటల్లాంటి లివర్లతో కట్టారు. లివరు ఏ పొడవున ఉండాలన్నదే డీకప్లరు. నూనె రాసుకుంటూ పోతే ఏళ్ళ తరబడి పనిచేసే గణితం అది!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఒక జిల్లాలో (ఊరు పేరు అక్కర్లేదు) ఒక పాత చక్కెర ఫ్యాక్టరీలో, లివర్లు అరిగిపోయి సరిగా పట్టని టర్బైన్ దగ్గర ఒక ఆపరేటరు రెండు చేతులూ రెండు చక్రాల మీద వేసి నిలబడి ఉండటం చూశాను. కుడి చెయ్యి కాస్త తిప్పినప్పుడల్లా ఎడమ చెయ్యి దానంతటదే అందులో సగం తిరిగేది. మీటర్ల వంక ఆయన పెద్దగా చూసేవాడే కాదు, చప్పుడు వినేవాడు. "ఎంత తిప్పాలో ఎలా తెలుస్తుందయ్యా?" అని అడిగాను. "తెలిసేదేముందండీ, రసం పొంగు మీదుంటే ఒకలాగ, తగ్గితే ఒకలాగ. ఇరవై ఏళ్ళయిందండీ" అన్నాడు. వొజ్నెసెన్‌స్కీ పేరు ఆయన విని ఉండడు. నేనూ అప్పటికి వినలేదు. కాని ఆ రెండు చేతుల మధ్య ఉన్న నిష్పత్తి ఆయన కనిపెట్టుకున్నదే. పైగా అది పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. లోపలి పరిస్థితి మారితే నిష్పత్తి కూడా మారాలని ఆయన చేతులకు తెలుసు. ఆ తెలివి యంత్రాలకు అబ్బడానికి చాలా కాలం పట్టిందని చెప్పడానికే ఇది ప్రస్తావించాను.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ కథ ఆకాశానికెక్కింది. విమానాలకు గ్యాస్ టర్బైన్ ఇంజన్లు వచ్చాయి. ప్రొపెల్లర్ తిప్పే టర్బైన్ ఇంజనులో పోసే ఇంధనం ఒక పిడి, ప్రొపెల్లర్ రెక్కల వాలు మరో పిడి. ఇంజను వేగం ఒక మీటరు, లోపలి వేడి మరో మీటరు. ఏ పిడి ముట్టుకున్నా రెండు మీటర్లూ కదులుతాయి. వేడి హద్దు దాటితే టర్బైన్ రెక్కలు కరిగిపోతాయి, అది గాలిలో ఉండగా! 1949లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధనశాలలో ఆరన్ బోక్సెన్‌బామ్, రిచర్డ్ హుడ్ అనే ఇద్దరు ఈ సమస్యకు బీజగణిత పద్ధతి ఒకటి చూపారు. ఎన్ని పిడులు, ఎన్ని మీటర్లున్నా సరే వాటిని పట్టికగా రాసుకుని, ఒక్కో కోరికకు ఒక్కో ఫలితమే వచ్చేలా కంట్రోలర్లను లెక్కగట్టే దారి అది. రష్యావారి కడ్డీలు ఇక్కడ కాగితం మీద మ్యాట్రిక్సు అయ్యాయి.

ఆ పద్ధతిని పుస్తకంలోకి ఎక్కించి లోకానికి పరిచయం చేసినవాడు ఛియెన్ శ్వే సన్ అనే చైనా శాస్త్రవేత్త. ఆయన కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 1911లో పుట్టి, అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలో రాకెట్ పరిశోధనలో పేరు తెచ్చుకున్నాడు. 1950లో కమ్యూనిస్టు అన్న అనుమానంతో ఆయన రహస్య పరిశోధనల అనుమతి రద్దు చేశారు. స్వదేశానికి పోతానంటే పోనివ్వలేదు. అయిదేళ్ళు దాదాపు నిర్బంధంలో ఉంచారు. రాకెట్ల జోలికి వెళ్ళే వీలు లేని ఆ రోజుల్లో ఆయన కూర్చుని 'ఇంజనీరింగ్ సైబర్నెటిక్స్' అనే గ్రంథం రాశాడు. అది 1954లో వెలువడింది. అందులో ఒక అధ్యాయం మొత్తం ఈ జంట విడదీసే విషయమే. 1955లో ఆయనను చైనాకు పంపేశారు. అక్కడ ఆయన ఆ దేశపు క్షిపణి కార్యక్రమానికే పెద్ద దిక్కయ్యాడు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి ఖాళీగా కూర్చోకుండా రాసిన నోటు ఇంత దూరం పోయిందన్నమాట. ఆయన 2009లో తొంభై ఏడేళ్ళ వయసులో కన్నుమూశాడు.

1960ల్లో గణిత పండితులు రంగంలోకి దిగారు. 1964లో మోర్గాన్, 1967లో ఫాల్బ్, వొలొవిచ్, 1969లో గిల్బర్ట్ వరుసగా రాసిన వ్యాసాల్లో ఏ యంత్రాన్ని పూర్తిగా విడదీయవచ్చు, దేన్ని విడదీయలేము అన్న నియమాలు తేల్చారు. ఆ గణితం నా తాహతుకు మించినది. ఫ్యాక్టరీలో వాల్వు ముందు నిలబడ్డవాడికి కూడా అది పెద్దగా ఉపయోగపడలేదనే నా అభిప్రాయం. ఎందుకంటే యంత్రం లెక్క అణుమాత్రం తేడా లేకుండా తెలుసు అన్న నమ్మకం మీద కట్టిన భవనం అది.

ఆ మధ్యలోనే, 1966లో, నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ తలమానికమైన ఒక చిన్న వ్యాసం వచ్చింది. రాసినవాడు ఎడ్గర్ బ్రిస్టల్, మాసాచుసెట్స్‌లో మీటర్లు, కంట్రోలర్లు తయారుచేసే ఫాక్స్‌బొరో కంపెనీ ఉద్యోగి. ఎలా విడదీయాలి అని ఆయన మొదలుపెట్టలేదు. అసలు ఏ వాల్వును ఏ మీటరుకు అప్పగించాలి, ఎంత గొడవ వస్తుంది అని అడిగాడు. ఆయన లెక్క మన గుమాస్తాలం చేయదగ్గదే. అవతలివాడు పని మానుకుని కూర్చున్నప్పుడు నా వాల్వు ఎంత ఫలితమిస్తుంది? అవతలివాడు తన మీటరును కదలకుండా పట్టుకుని ఉన్నప్పుడు నా వాల్వు ఎంత ఫలితమిస్తుంది? మొదటి అంకెను రెండో అంకెతో భాగించు.

మళ్ళీ కుళాయిల దగ్గరకు రండి. ఈసారి 30 డిగ్రీల నీరు చాలు అనుకుందాం. అప్పుడు వేడినీళ్ళు రెండున్నర లీటర్లు, చల్లనీళ్ళు ఏడున్నర లీటర్లు. చల్లనీళ్ళు ఒక లీటరు పెంచితే మొత్తం ఒక లీటరు పెరుగుతుంది. వేడి మారకుండా ఇంకొకడు కాపలా కాస్తుంటే వాడు మూడో వంతు లీటరు వేడినీళ్ళు కలుపుతాడు గనుక మొత్తం ఒకటీ మూడో వంతు పెరుగుతుంది. ఒకటిని దానితో భాగిస్తే 0.75. అదే వేడి కుళాయి అయితే ఒక లీటరుకు మూడు లీటర్ల చల్లనీళ్ళు కలపాలి, మొత్తం నాలుగు పెరుగుతుంది, అంకె 0.25. కనుక నీళ్ళ పరిమాణం చల్ల కుళాయివాడికి, వేడి సంగతి వేడి కుళాయివాడికి అప్పగించాలి. తిరగేసి అప్పగిస్తే గొడవ. అదే 40 డిగ్రీలు కావాలంటే రెండూ 0.5 వస్తాయి. ఎవరికి అప్పగించినా తగువు తప్పదు. అంకె సరిగ్గా ఒకటి వస్తే ఇద్దరికీ సంబంధమే లేదు, ఎవరి పని వారు చేసుకోవచ్చు. సున్నాకంటే తక్కువ వస్తే ఆ జోడీ పెట్టనే కూడదు, పక్కవాడు పని మొదలుపెట్టగానే మన వాల్వు తిరగబడి పనిచేస్తుంది. ఇరవై, ముప్పై వంటి పెద్ద అంకెలు వస్తే అది ప్రమాద సూచిక. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

రిఫైనరీల్లో, రసాయన ఫ్యాక్టరీల్లో ఆకాశానికి నిలబెట్టిన గొట్టాల్లాంటివి కనిపిస్తాయి. విశాఖపట్నం వెళ్ళినవారు దూరం నుంచి చూసే ఉంటారు. 1957 నుంచి అక్కడ రిఫైనరీ ఉంది. ఆ గొట్టాలను డిస్టిలేషన్ కాలమ్‌లు అంటారు. అడుగున ఆవిరితో కాచి, పైకెక్కిన ఆవిరిని చల్లార్చి, తేలిక సరుకును పైనుంచి, బరువు సరుకును కిందనుంచి తీస్తారు. ఎక్సైజు శాఖలో పనిచేసిన మిత్రులకు వేరే వివరించనక్కర్లేదు. పైన చల్లారిన ద్రవంలో కొంత మళ్ళీ కాలమ్‌లోకే వెనక్కి పోస్తారు. వెనక్కి పోసేది ఒక పిడి, అడుగున పెట్టే ఆవిరి మరో పిడి. పై సరుకు శుద్ధి ఒక కోరిక, కింది సరుకు శుద్ధి మరో కోరిక. 1970లో విలియం లూబెన్ వీటికి డీకప్లర్లు ఎలా కట్టాలో రాశాడు. 1973లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో వుడ్, బెర్రీ అనే ఇద్దరు ఎనిమిది పళ్ళేలు, తొమ్మిది అంగుళాల వ్యాసం గల చిన్న కాలమ్ మీద మిథనాల్, నీరు వేరుచేస్తూ కొలతలు తీశారు. పైన వెనక్కి పోసేది మారిస్తే పై సరుకులో ఒక నిమిషానికి తెలిసేది, కింది సరుకులో ఏడు నిమిషాలకు గాని తెలిసేది కాదు. నకలు చేరడం ఒకటి, అది సరైన వేళకు చేరడం మరొకటి అని దీన్నిబట్టి అర్థమవుతుంది. బ్రిస్టల్ అంకె అక్కడ దాదాపు రెండు. ఇబ్బంది ఉంది గాని భరించదగ్గది. ఆ చిన్న కాలమ్ అంకెల మీద ఆ తర్వాత ఎన్ని వేలమంది విద్యార్థులు పరీక్షలు రాశారో!

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. రెండు కంట్రోలర్లు కొట్లాడుకుంటుంటే ఆపరేటరు విసిగి ఒకదాన్ని ఆపేసి చేతితో నడుపుతాడు. సరుకు చెడిపోకూడదని అవసరమైనదానికంటే ఎక్కువ ఆవిరి పెట్టేస్తాడు. సరుకు కావలసినదానికన్నా శుభ్రంగా వస్తుంది, బొగ్గో, నూనో వృథాగా తగలబడుతుంది. అందుకే కంపెనీలు ఈ విద్యమీద అంత ఖర్చుపెట్టాయి.

అయితే శుద్ధి మరీ ఎక్కువ కావలసిన కాలమ్‌లలో డీకప్లర్లు పెట్టినచోట వింత జరిగింది. కాగితం మీద అద్భుతంగా ఉన్నది ఫ్యాక్టరీలో పిచ్చెత్తినట్లు ఊగింది. కారణాన్ని 1988లో సిగుర్డ్ స్కోగెస్టాడ్, మన్‌ఫ్రెడ్ మొరారి, జాన్ డోయల్ ముగ్గురూ ఒక ఉదాహరణతో చూపారు. ఆ అంకెలు అకౌంట్సు చూసినవారికి వెంటనే అర్థమవుతాయి. వెనక్కి పోసేది ఒక పాలు పెంచితే పై సరుకు 87.8 పెరుగుతుంది, ఆవిరి ఒక పాలు పెంచితే 86.4 తగ్గుతుంది. కింది సరుకుకు అవే అంకెలు 108.2, 109.6. అంటే రెండు పిడులూ దాదాపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రెండు సరుకులనూ ఒకేసారి శుభ్రం చేయాలంటే రెండు పిడులనూ కలిపి పెంచాలి, అప్పుడు మిగిలే ఫలితం 87.8లోంచి 86.4 పోగా 1.4 మాత్రమే.

పెద్ద జమలోంచి పెద్ద ఖర్చు తీసేస్తే మిగిలే చిన్న నిల్వ ఎంత నమ్మదగ్గదో మనకు తెలుసు. జమలో గాని ఖర్చులో గాని చిన్న పొరపాటు దొర్లితే నిల్వ తలకిందులవుతుంది. వాల్వులు గోడ గడియారాలు కావు, చెప్పినంత తిరగవు. ఒక వాల్వు నూటికి ఇరవై ఎక్కువ, మరొకటి ఇరవై తక్కువ తిరిగిందనుకోండి. 87.8 కాస్తా 105.36 అవుతుంది, 86.4 కాస్తా 69.12 అవుతుంది. 1.4 రావలసిన చోట 36.24! పాతిక రెట్లకు పైగా. విడదీయడానికి పంపిన నకలే గొడవకు మూలమైంది. ఆ కాలమ్‌కు బ్రిస్టల్ అంకె సుమారు 35. పెద్ద అంకె ప్రమాద సూచిక అన్నది ఇందుకే. ఇటువంటి చోట పూర్తిగా విడదీయబోవడం కంటే అసలు విడదీయకుండా, ఒక్కో కంట్రోలరును ఓర్పుగా నడపడమే క్షేమమని ఈ పరిశోధన తర్వాత ఇంజనీర్లు ఒప్పుకున్నారు.

అప్పటికే మరో మార్గం బయల్దేరింది. 1970ల్లో ఫ్రాన్సులో జాక్ రిషాలె, అమెరికాలో షెల్ కంపెనీకి చెందిన కట్లర్, రమాకర్ వేర్వేరుగా ఒకే ఆలోచన చేశారు. కంప్యూటరు చేతిలో యంత్రం నమూనా పెట్టి, రాబోయే గంటలో ఏం జరగవచ్చో ప్రతి నిమిషమూ లెక్క కట్టించి, అన్ని వాల్వులనూ ఒకేసారి కదిలించడం, ఏదీ హద్దు దాటకుండా. రిషాలె వ్యాసం 1978లో, షెల్ వారిది 1979లో వచ్చాయి. ఇప్పుడు పెద్ద రిఫైనరీల్లో ఇదే పద్ధతి. నిమిషం గడిచాక లెక్క తప్పిందని తేలితే కొత్త కొలతతో మళ్ళీ మొదలుపెడుతుంది. తప్పును ముందే ఊహించి కట్టిన పద్ధతి గనుక నిలబడింది.

మన కరెంటు కేంద్రాల్లో కూడా ఈ సమస్య రోజూ ఉండేదే. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 1979లో మొదటి 210 మెగావాట్ల యూనిట్ నడవడం మొదలైంది. అటువంటి యూనిట్లలో టర్బైన్ వాల్వు తెరిస్తే కరెంటు క్షణాల్లో పెరుగుతుంది, కాని బాయిలర్ ప్రెషరు పడిపోతుంది. బొగ్గు పెంచితే ఆవిరి రావడానికి నిమిషాలు పడుతుంది. టర్బైన్ ముందు కదిలి బాయిలర్ వెనక నడవడం ఒక పద్ధతి, బాయిలర్ ముందు కదిలి టర్బైన్ వెనక నడవడం మరో పద్ధతి. మొదటిదానిలో ప్రెషరు ఊగుతుంది, రెండోదానిలో కరెంటు ఆలస్యమవుతుంది. రెంటికీ ఒకేసారి ఉత్తర్వులు వెళ్ళేలా చేయడాన్ని సమన్వయ నియంత్రణ అంటారు. రాత్రి ఏడింటికి ఊరంతా లైట్లు వేసినప్పుడు మన ఫ్యాను వేగం తగ్గకపోతే, ఎక్కడో ఈ సర్దుబాటు కూడా సరిగ్గా జరుగుతున్నదన్నమాట.

చివరగా ఒక మనిషి గూర్చి చెప్పాలి. ఇంగ్లండులో 1920లో పుట్టిన హోవార్డ్ రోసెన్‌బ్రాక్ మాంచెస్టర్‌లో ఆచార్యుడు. 1969లో ఆయన ఒక పద్ధతి ప్రతిపాదించాడు. పూర్తిగా విడదీయనక్కర్లేదు, పక్కవాడి ప్రభావం సొంత ప్రభావం కంటే తక్కువయ్యేంత వరకు తగ్గిస్తే చాలు, తర్వాత ఒక్కో కంట్రోలరును విడివిడిగా సర్దుకోవచ్చు అన్నాడు. అది కూడా కంప్యూటరు చెప్పింది చెప్పినట్టు కాదు. కంప్యూటరు గీసిన బొమ్మను తెర మీద చూస్తూ ఇంజనీరు తన బుద్ధితో తీర్మానించాలి. ఇంతటి గణిత విద్వాంసుడు తన చివరి దశాబ్దాలు దేనికి వెచ్చించాడో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. యంత్రం వచ్చి మనిషి నైపుణ్యాన్ని పనికిరానిదిగా చేయనక్కర్లేదు, ఆ నైపుణ్యాన్ని ఆసరా చేసుకుని నడిచే యంత్రాలను కూడా కట్టవచ్చు అని వాదించడానికి. 1980ల్లో ఆయన ఆధ్వర్యంలో మాంచెస్టర్‌లో ఒక ప్రయోగం నడిచింది. కంప్యూటరుతో నడిచే లేతు యంత్రాలకు ప్రోగ్రాం ఎక్కడో ఆఫీసులో రాసి పంపడం కాకుండా, యంత్రం దగ్గర నిలబడే కార్మికుడే తన అనుభవంతో దాన్ని తయారుచేసుకునేటట్లు అమర్చడం దాని ఉద్దేశం. ఆ వాదనంతా 1990లో 'మెషీన్స్ విత్ ఎ పర్పస్' అనే పుస్తకంగా వచ్చింది. ఆయన 2010లో చనిపోయాడు.